‘ట్రస్ట్’ అనే మాట: అమానత్, ఎతెమాద్, వక్ఫ్

ఇంగ్లీషు భాషలో ‘ట్రస్ట్’ అన్నది చాలా చిన్న మాట. బడి పిల్లలకు సైతం తెలిసిన మాట. అయినప్పటికీ ఫార్సీ చదువుకొని ఇంగ్లీషులోకి అడుగుపెట్టిన విద్యార్థులను ఈ మాట ఇబ్బంది పెట్టినంతగా మరికొన్ని కఠిన పదాలు కూడా పెట్టలేదు. కారణం స్పష్టమే. ఇంగ్లీషు ఒకే మాటతో చెప్పే విషయాలకు ఫార్సీలో నాలుగైదు వేర్వేరు మాటలున్నాయి. ఆ మాటలు ఒకదాని స్థానంలో ఒకటి నిలువజాలవు. ఒక మాటకు మారుగా మరొక మాట పెట్టితే వాక్యం చెడడమే కాదు, కొన్ని సందర్భాలలో ఆస్తి హక్కే మారిపోతుంది. ఈ దేశంలో గత రెండు శతాబ్దాలుగా వక్ఫ్ ఆస్తుల విషయంలో జరిగినది కొంతవరకు ఇదే. కనుక ‘ట్రస్ట్’ అనే మాట చరిత్రను తెలుసుకోవడం భాషాభిమానులకు మాత్రమే గాక, మస్జిదు, దర్గా, అనాథశాల, మదర్సా నిర్వహణలో పాలుపంచుకొనే ప్రతి ముస్లిముకూ అవసరమైన పని.

ఫార్సీ విద్యార్థి ఎదుట ఒకే మాట

ఫార్సీ తెలిసినవాడు ‘ట్రస్ట్’ అనే మాట విన్నప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇక్కడ చెప్పుచున్నది మనిషి మీది నమ్మకమా, వస్తువును అప్పగించడమా, దేవుని మీది భరోసాయా, లేక చట్టబద్ధమైన ఒక ఏర్పాటా?

మనిషి మీది నమ్మకమైతే ఫార్సీలో ‘ఎతెమాద్’ అంటారు. ఇది అరబ్బీ నుండి వచ్చిన మాట. స్తంభం అనే అర్థమిచ్చే ‘అమూద్’ మాటకూ దీనికీ మూలధాతువు ఒకటే. ఒకరిని నమ్మడమంటే ఆ స్తంభానికి ఆనుకొనడం అన్నమాట. మొగలు కాలంలో నూర్జహాన్ తండ్రికి ‘ఎతెమాదుద్దౌలా’ అనే బిరుదు ఉండెను. రాజ్యం ఎవరిని ఆనుకొని నిలిచియున్నదో అతడు అని దాని భావం. ఆగ్రాలోని ఆయన సమాధి నేటికీ ఆ పేరుతోనే ప్రసిద్ధం. ఈ అర్థంలో ‘ట్రస్ట్’ను క్రియగా వాడునప్పుడు ఫార్సీ విద్యార్థి తరచుగా పొరపాటు చేస్తాడు. ఫార్సీలో ‘ఫలానా వ్యక్తికి ఎతెమాద్ చేయుట’ అన్న పద్ధతిలో నడుమ ఒక విభక్తి రావలెను. తెలుగులోనూ ‘అతని మీద నమ్మకం’ అంటాము. ఇంగ్లీషులో ఆ నడిమి మాట అక్కరలేదు. క్రియ నేరుగా మనిషికే తగులుతుంది. నడుమ ‘ఇన్’ అనే మాట చేరిస్తే అర్థంలో కొద్ది మార్పు వస్తుంది. మనిషిని నమ్మడం ఒకటి, దైవాన్ని గాని, ధర్మాన్ని గాని ఆశ్రయించడం మరొకటి. ఆ రెండవదానికి ఫార్సీ మాట ‘తవక్కుల్’. కార్యభారాన్ని వకీలుకు ఒప్పగించినట్లు అల్లాహ్‌కు ఒప్పగించుట అని దాని మూలార్థం. ‘వకీల్’ మాట కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే.

వస్తువును గాని, బాధ్యతను గాని ఒకరి చేతిలో పెట్టుట మూడవ అర్థం. దీనికి ఫార్సీలోనూ, ఉర్దూలోనూ ‘అమానత్’ అనే మాట ఉన్నది. దీని ధాతువులో భయం లేకుండుట, క్షేమం అనే భావాలున్నాయి. ఈమాన్, అమన్, అమీన్ అనే మాటలన్నీ ఆ ఇంటివే. ఎతెమాద్‌లో మనిషి గట్టితనం ముఖ్యం. అమానత్‌లో అప్పగించిన వస్తువు భద్రత ముఖ్యం. ఇంగ్లీషులో రెండింటికీ ‘ట్రస్ట్’ చాలును.

వీటికి తోడు చిన్న వాడుకలు కొన్ని ఉన్నాయి. ‘మీరు క్షేమమని ట్రస్ట్ చేస్తాను’ అని ఇంగ్లీషు ఉత్తరంలో వ్రాసినప్పుడు అందులో నమ్మకం కంటె ఆశయే ఎక్కువ. ఫార్సీలో దానిని ‘ఉమీద్’ అనే మాటతో చెప్పాలి. పూర్వపు ఇంగ్లీషులో ‘ట్రస్ట్ మీద సరకు తెచ్చుట’ అనగా అరువుకు తెచ్చుకొనుట. ఫార్సీలో అది ‘నసియే’. అమెరికాలో 1882లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీల వాటాలను కొద్దిమంది ట్రస్టీల చేతిలో పెట్టిన తరువాత, వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకొనే కంపెనీల గుంపుకు కూడా ‘ట్రస్ట్’ అనే పేరు వచ్చినది. అటువంటి గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి 1890లో షర్మన్ చట్టం చేయవలసి వచ్చెను. ఈ అర్థానికి ఇరాన్‌లో సొంత మాట వెదకక ‘తెరాస్త్’ అని ఇంగ్లీషు మాటనే ఫార్సీ లిపిలో వ్రాసుకున్నారు. నమ్మకం అనే మాట నుండి గుత్తాధిపత్యం అనే అర్థం పుట్టడం వింతగా తోచవచ్చు. కాని దాని మూలం చట్టపరమైన ట్రస్టులోనే ఉన్నది.

తెలుగు పల్లెలలో అమీను, అమాని, అమానతు

ఈ మాటలు ఫార్సీ పండితుల గ్రంథాలయాలకే పరిమితమైనవని అనుకోరాదు. తాండూరు, కరణ్‌కోట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. తాండూరు తాలూకా 1956 రాష్ట్రాల పునర్విభజన వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, తరువాత హైదరాబాదు జిల్లాలో చేరినది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడగా ఆ ప్రాంతం వాటిలోకి వచ్చినది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి మెలగే సరిహద్దు సీమ అది. నిజాం రాజ్యంలో 1884 వరకు సర్కారు భాష ఫార్సీ; తరువాత ఉర్దూ. కాగితం ఏ భాషలో ఉన్నా, దాని మీది మాటలు రైతు నోట తెలుగైపోయాయి.

అటువంటి మాటలలో ‘అమానతు’ ఒకటి. ఒకరివద్ద భద్రంగా ఉంచిన సొమ్ము లేక వస్తువు అని దాని అర్థం. రెండవది ‘అమాని’. పన్ను వసూలును గుత్తకు ఇవ్వక సర్కారు ఉద్యోగులే నేరుగా చూచుకొనే పద్ధతికి ఈ పేరుండెను. ఇజారా పద్ధతిలో గుత్తదారు లాభం చూచుకొనేవాడు. అమానిలో సొమ్ము సర్కారు పక్షాన ఒక ఉద్యోగి చేతిలో అమానతుగా ఉండేది. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ ఏర్పరచి గుత్తదారుల పెత్తనాన్ని తగ్గించినప్పుడు ఈ తేడా రైతులకు అనుభవంలోకి వచ్చినది. మూడవది ‘అమీను’. కోర్టులో జప్తులు, కొలతలు నిర్వహించే ఉద్యోగి అమీను. నిజాం రాజ్యపు పల్లెలలో పోలీసు అధికారిని కూడా ‘అమీన్ సాబు’ అనేవారు. అమీన్ అనగా నమ్మదగినవాడు. దైవప్రవక్త (స) వారికి ప్రవక్తృత్వానికి పూర్వమే మక్కా ప్రజలు ఇచ్చిన బిరుదు ‘అల్ అమీన్’. ఆ మాట తెలంగాణ పల్లెలో ఒక్కొక్కప్పుడు భయం పుట్టించే అధికారికి పేరైనది. మాట మూలార్థానికీ, అధికారపు నడతకూ మధ్య ఎంత దూరం ఏర్పడవచ్చునో దీనివలన తెలుస్తుంది.

ఈ పదాలను ఇంగ్లీషు అధికారులు శ్రద్ధగా సేకరించారు. సి.పి. బ్రౌన్ 1852లో ‘జిల్లా నిఘంటువు’ను, హెచ్.హెచ్. విల్సన్ 1855లో రెవెన్యూ, న్యాయ పదాల పెద్ద నిఘంటువును ప్రకటించారు. పరిపాలన నడపాలంటే అమాని, అమీను, వక్ఫు, ముతవల్లీ వంటి మాటలకు అర్థం తెలియాలి గదా! కాని మాటకు అర్థం వ్రాసుకొనడం వేరు. ఆ మాట వెనుక ఉన్న ధర్మాన్ని గ్రహించడం వేరు.

ఇంగ్లీషు ట్రస్టు పుట్టుక

‘ట్రస్ట్’ మాట ఉత్తర ఐరోపాలోని ప్రాచీన నార్సు భాష నుండి ఇంగ్లీషులోకి వచ్చినది. దృఢత్వం, నమ్మకం అని దాని తొలి అర్థాలు. చట్టంలో దానికి ముందు ‘యూజ్’ అనే మాట వాడుకలో ఉండెను. భూమి యజమాని ఒకరు తన భూమిని స్నేహితునికి వ్రాసి ఇచ్చి, దాని ఫలసాయం మరొకరికి అందజేయమని కోరుట దాని సారాంశం. 1224లో ఇంగ్లండుకు వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు ఆస్తి ఉండరాదనే నియమం ఉండెను. భక్తులు ఇచ్చిన ఇండ్లు, స్థలాలు ఇతరుల పేర ఉంచి, అనుభవం మాత్రం వారికి కల్పించడానికి ఈ పద్ధతి ఉపయోగపడినది. సాధారణ న్యాయస్థానాలు కాగితం మీది పేరునే యజమానిగా గుర్తించేవి. స్నేహితుడు మాట తప్పితే ఛాన్సలర్ న్యాయస్థానం మాత్రమే అతని అంతరాత్మను నిలదీసి ఫలసాయాన్ని ఇప్పించేది. 1536లో వచ్చిన ‘యూజుల చట్టం’ ఈ ఏర్పాటును చాలావరకు అణచగా, న్యాయవాదులు కనుగొన్న కొత్త దారులలో నుండి నేటి ట్రస్టు రూపొందినది.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. ఇంగ్లీషు ట్రస్టులో ఆస్తికి ఇద్దరు హక్కుదారులు. చట్టం కంటికి ట్రస్టీయే యజమాని; ధర్మం కంటికి లబ్ధిదారు యజమాని. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం కూడా యాజమాన్యానికి అంటిపెట్టుకొన్న ఒక బాధ్యతగానే ట్రస్టును నిర్వచించినది.

ఈ ఇంగ్లీషు ఏర్పాటు మీద ఇస్లామీయ వక్ఫ్ ప్రభావం ఉన్నదా అనే చర్చ పండితులలో చాలాకాలంగా నడుస్తున్నది. ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాల స్థాపనకు సంబంధించిన 1264 నాటి నియమాలు వక్ఫ్ నామాలను పోలియున్నవని మోనికా గౌడియోసి అనే పరిశోధకురాలు 1988లో సవివరంగా చూపినది. సిలువ యుద్ధాల కాలంలో, ఫ్రాన్సిస్కన్ల రాకపోకల ద్వారా, ఈ భావం తూర్పు నుండి పశ్చిమానికి చేరియుండవచ్చునని కొందరి అభిప్రాయం. రోమన్, జర్మన్ న్యాయ సంప్రదాయాల నుండి వచ్చినదని మరికొందరి అభిప్రాయం. తిరుగులేని నిదర్శనం దొరకనంతవరకు దీనిని ఒక బలమైన ఊహగా మాత్రమే చెప్పుకొనడం న్యాయం. పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనుకొనడం మాత్రం పొరపాటు.

వక్ఫ్ స్వరూపం

‘వక్ఫ్’ అనగా నిలిపివేయుట. హజ్రత్ ఉమర్ (ర) గారికి ఖైబర్‌లో లభించిన భూమి విషయమై దైవప్రవక్త (స) వారిని సలహా అడిగినప్పుడు, మూలాన్ని నిలిపియుంచి ఫలాన్ని దానం చేయమని వారు సూచించిరి. ఆ భూమి అమ్మకానికి, బహుమానానికి, వారసత్వానికి అందని ఆస్తి అయినది. ఇరాన్ దేశపు పౌరస్మృతిలో వక్ఫ్‌కు ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే పద్ధతిలో ఉన్నది: మూలవస్తువును నిలుపుట, ప్రయోజనాన్ని విడుచుట.

యాజమాన్యం ఎవరిది అన్న ప్రశ్న మీద ఇమాముల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్ల అభిప్రాయం ప్రకారం వక్ఫ్ చేయబడిన ఆస్తి దాత చేతి నుండి వెడలి అల్లాహ్ యాజమాన్యంలోకి చేరుతుంది. ఈ దేశంలోని హనఫీలలో ఆచరణకు వచ్చినది ఈ అభిప్రాయమే. కనుక ముతవల్లీ ఆ ఆస్తికి యజమాని కాడు. సగం యజమాని కూడా కాడు. అతడు నిర్వాహకుడు మాత్రమే. అతని చేతిలో ఉన్నది అమానత్.

ఇక్కడ అమానత్ మాటకూ, వక్ఫ్ మాటకూ ఉన్న సంబంధం స్పష్టమగుచున్నది. వక్ఫ్ అనేది ఆస్తి స్థితిని తెలిపే మాట. అమానత్ అనేది ఆ ఆస్తిని పట్టుకొన్న మనిషి బాధ్యతను తెలిపే మాట. తౌలియత్ అనేది అతని పదవిని తెలిపే మాట. ఎతెమాద్ అనేది అతని మీద జనానికి ఉండవలసిన నమ్మకాన్ని తెలిపే మాట. ఫార్సీ తెలిసిన మున్షీ ఈ నాలుగింటినీ ఎన్నడూ కలగాపులగం చేయడు. ఇంగ్లీషు ‘ట్రస్ట్’ నాలుగింటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చినది.

హిదాయా నుండి ప్రీవీ కౌన్సిల్ వరకు

ఈ కలయిక ఒక్కసారిగా జరుగలేదు. వారన్ హేస్టింగ్స్ కాలంలో హనఫీ న్యాయగ్రంథమైన ‘హిదాయా’ను మొదట మౌల్వీలచేత అరబ్బీ నుండి ఫార్సీలోకి అనువదింపజేసిరి. ఆ ఫార్సీ ప్రతి నుండి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు చేసి 1791లో ప్రకటించెను. అనగా ఇంగ్లీషు న్యాయమూర్తులకు ఇస్లామీయ ధర్మశాస్త్రం ఫార్సీ వాకిలి గుండా చేరినది. హామిల్టన్ వక్ఫ్‌కు ‘అప్రోప్రియేషన్’ అనే మాట వాడెను. ఒక పనికై ప్రత్యేకించి కేటాయించుట అని దాని భావం. 1825లో మెక్‌నాటన్ తన గ్రంథంలో ‘ఎండోమెంట్’ అనే మాటను తీసుకొనెను. ఈ ఇరువురూ వక్ఫ్‌ను ట్రస్టు అనలేదు. 1882 ట్రస్టుల చట్టం కూడా వక్ఫ్ నియమాలకు తాను వర్తించనని మొదటి సెక్షనులోనే చెప్పుకొనెను. చట్టం చేసినవారికి తేడా తెలుసు.

అయినా తీర్పులు చెప్పేవారి మనసులో ఇంగ్లీషు నమూనా పనిచేసినది. 1894లో అబుల్ ఫతా మహమ్మద్ ఇసాక్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక తీర్పు ఇచ్చెను. బెంగాలుకు చెందిన ఒక కుటుంబం తమ సంతతి పోషణకై వక్ఫ్ చేసి, సంతతి అంతరించిన పిమ్మట ఆ ఫలం పేదలకు, వితంతువులకు, అనాథలకు చెందాలని వ్రాసియుండెను. సంతతికి ఇచ్చుట ధర్మం కాదని, పేదలకు ఇచ్చినది పేరుకు మాత్రమే అని చెప్పి న్యాయమూర్తులు ఆ వక్ఫ్‌ను చెల్లదనిరి. ఇంగ్లీషు చట్టంలో ‘ధర్మార్థం’ అనే మాటకు కుటుంబ పోషణ అనే అర్థం లేదు. ఇస్లాంలో తన వారిని పోషించుట కూడా సదఖాయే. రెండు భాషల మధ్య ఉన్న ఈ దూరం మూలంగా అనేక కుటుంబ వక్ఫుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైనది.

దీనిపై ముస్లిం సమాజంలో పెద్ద ఆందోళన బయలుదేరినది. కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ అంతకుముందే భిన్నాభిప్రాయం ప్రకటించియుండెను. 1901 నుండి 1905 వరకు హైదరాబాదులో విద్యాసేవ చేసిన మౌలానా షిబ్లీ నూమానీ తరువాతి కాలంలో ఈ విషయమై ఉలమాల అభిప్రాయాలను కూడగట్టిరి. 1911లో ముహమ్మద్ అలీ జిన్నా శాసనమండలిలో బిల్లు ప్రవేశపెట్టగా, 1913లో ముసల్మాన్ వక్ఫ్ ధ్రువీకరణ చట్టం వచ్చినది. పూర్వపు వక్ఫులకు కూడా దానిని వర్తింపజేయడానికి 1930లో మరొక చట్టం అవసరమైనది.

1921లో మరొక మలుపు. అప్పటికి అమీర్ అలీ ప్రీవీ కౌన్సిల్ సభ్యుడు. 1909లో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. విద్యావారుధి తీర్థ కేసు ఒక హిందూ మఠానికి సంబంధించినది. ఆ తీర్పులో ఆయన మఠాధిపతి గాని, దేవాలయపు శెబాయతు గాని, ముతవల్లీ గాని ఇంగ్లీషు అర్థంలో ట్రస్టీలు కారని స్పష్టం చేసిరి. మాటకు సరియైన అర్థం లభించినది. కాని దానివెంట ఊహించని చిక్కు ఒకటి వచ్చినది. ట్రస్టీ అన్యాక్రాంతం చేసిన ఆస్తిని తిరిగి రాబట్టడానికి కాలపరిమితి చట్టం ట్రస్టులకు ప్రత్యేక రక్షణ ఇచ్చియుండెను. ముతవల్లీ ట్రస్టీ కాడన్నప్పుడు వక్ఫ్‌కు, మఠానికి ఆ రక్షణ లేకుండా పోయినది! చివరకు 1929లో కాలపరిమితి చట్టాన్ని సవరించి, హిందూ, ముస్లిం, బౌద్ధ ధర్మాదాయాల ఆస్తిని ఆ ఒక్క ప్రయోజనం నిమిత్తం ట్రస్టు ఆస్తిగా ‘భావించవలెను’ అని వ్రాసిరి. ట్రస్టు కాదు, అయినా ట్రస్టుగా భావించాలి. ఒక మాట అర్థం కుదరక చట్టం పడిన తిప్పలు ఇవి.

హైదరాబాదు అనుభవం

బ్రిటిషు ఇండియాకు బయట ఉన్న హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. ఇక్కడ మతసంస్థల వ్యవహారాలను ‘ఉమూరె మజ్‌హబీ’ శాఖ చూచేది. 1349 ఫసలీలో, అనగా 1939-40లో, హైదరాబాదు ఎండోమెంట్స్ నిబంధనలు వచ్చాయి. వాటి కింద మస్జిదులతో పాటు దేవాలయాల ఆస్తులు కూడా ‘కితాబుల్ ఔఖాఫ్’ అనే రిజిస్టరులో నమోదైనవి. వక్ఫ్ అనే మాట ఇక్కడ ఇరుమతాల ధర్మాదాయాలకూ వర్తించెను. తెలంగాణలోని దేవాలయ భూముల వివాదాలలో నేటికీ ఆ రిజిస్టరు, ఆ కాలపు ‘ముంతఖబు’లు సాక్ష్యంగా చూపబడుట కద్దు. తరువాత దేవాలయాల పక్షాన ‘ధర్మకర్త’, ‘ట్రస్టు బోర్డు’ అనే మాటలు స్థిరపడగా, వక్ఫ్ మాట ముస్లిం ధర్మాదాయాలకే పరిమితమైనది.

ఇదే హైదరాబాదులో ట్రస్టు మాట అసలు అర్థంలో వాడబడిన గొప్ప ఉదాహరణ కూడా ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫార్సీలో గజళ్లు వ్రాసిన కవి. వక్ఫ్, అమానత్, ట్రస్ట్ భేదాలు తెలియని వ్యక్తి కాడు. రాజ్యం పోయిన పిదప 1950 మొదలుకొని ఆయన కుటుంబం కొరకు, నగల కొరకు, ధర్మకార్యాల కొరకు వేర్వేరు ట్రస్టులు ఏర్పరచిరి. 1951లో, 1952లో నగల ట్రస్టులు ఏర్పడినవి. ట్రస్టు పత్రం ప్రకారం ట్రస్టీలకు ఆ నగలను అమ్మే అధికారం కలిగినది. దీర్ఘకాలపు వ్యాజ్యాల తరువాత 1995లో భారత ప్రభుత్వం వాటిని 218 కోట్ల రూపాయలకు కొనెను. ఆ నగలు వక్ఫ్ చేయబడియుంటే అటువంటి అమ్మకానికి దారి ఉండేది కాదు. అమ్మవలసిన వస్తువుకు ట్రస్టు, అమ్మరాని వస్తువుకు వక్ఫ్ అన్న భేదం దీనితో తేటపడుచున్నది.

నేటి సమస్య

స్వాతంత్ర్యానంతరం 1954లోనూ, 1995లోనూ వక్ఫ్ చట్టాలు వచ్చినవి. 1995 చట్టం వక్ఫ్ ఆస్తులను తిరిగి పొందే దావాలకు కాలపరిమితి లేదన్నది. 2013 సవరణ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని, బహుమానాన్ని, తాకట్టును చెల్లని పనులుగా చేసినది. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ ఈ చరిత్రను మళ్లీ మలుపు త్రిప్పినది. కాలపరిమితి చట్టం వక్ఫ్‌లకు వర్తిస్తుందని అది ప్రకటించినది. కుటుంబ వక్ఫ్ వలన స్త్రీలతో సహా వారసుల హక్కుకు భంగం రాకూడదన్నది. అంతేకాక, వక్ఫ్‌ను పోలిన ప్రయోజనం కొరకు ముస్లిం వ్యక్తి ఏర్పరచిన ట్రస్టుకు, దాని పేరు ఏదైనను, ఈ చట్టం వర్తించదని చెప్పినది. అదే సంవత్సరం సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపివేసినది. ట్రస్టుకు, కాలపరిమితికి సంబంధించిన మార్పులు ఆ నిలుపుదలలోకి రాలేదు.

దీని ఫలితం పాఠకులు జాగ్రత్తగా గ్రహించవలసి యున్నది. ఒక ఊరిలో పదిమంది కలిసి చందాలు వేసుకొని స్థలం కొని మదర్సా కట్టించినారనుకొందాం. దస్తావేజు వ్రాయునప్పుడు ‘ట్రస్టు’ అని వ్రాస్తే ఒక చట్టం, ‘వక్ఫ్’ అని వ్రాస్తే మరొక చట్టం ఎదురవుతాయి. ట్రస్టు అయితే పత్రంలోని షరతులే ప్రధానం. అమ్మే అధికారం వ్రాస్తే అమ్మవచ్చును. వక్ఫ్ అయితే బోర్డు పర్యవేక్షణ, శాశ్వతత్వం, అమ్మకంపై నిషేధం వెంట వస్తాయి. రెండింటిలో ఏది మేలు అన్నది సందర్భాన్ని బట్టి తెలిసినవారిని అడిగి నిర్ణయించుకోవలసిన విషయం. కాని రెండూ ఒకటే అనే భ్రమతో రైటరు వ్రాసిన మాట మీద సంతకం చేయడం మాత్రం ప్రమాదకరం. తాతలు సదఖా జారియాగా తలచి ఇచ్చిన స్థలం మనుమల కాలంలో అంగడి సరకు కావడానికి ఆ ఒక్క మాట చాలును.

ముస్లిం సంస్థల వెలుపల కూడా ఈ మాట కొత్త రూపంలో పల్లెలకు వచ్చినది. కరణ్‌కోట వద్ద సున్నపురాతి నిల్వల మూలంగా 1980వ దశకంలో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ నెలకొన్నది. తాండూరు నాపరాయి అంతకు ముందే పేరొందినది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో లాభాపేక్ష లేని ఒక ట్రస్టు ఏర్పరచవలెనని నిర్ణయించిరి. అదే జిల్లా ఖనిజ ఫౌండేషన్. గని లీజు పొందినవారు రాయల్టీకి తోడు అందులో కొంత భాగాన్ని ఈ ట్రస్టుకు చెల్లించాలి. గని తవ్వకం వలన ప్రభావితులైన ప్రజల మేలుకు ఆ సొమ్ము ఖర్చు చేయాలి. చట్టం మాట ట్రస్టు. కాని దాని వెనుక ఉన్న భావాన్ని ఆ ప్రాంతపు పెద్దలు ‘అమానతు’ అనే తమ పాత మాటతో ఇంకా సులువుగా గ్రహించగలరు. భూమి కడుపులోనిది ఒక తరం తవ్వుకొంటున్నది. దాని విలువలో కొంత ఆ ఊళ్ల వారికి, వారి పిల్లలకు తిరిగి చేరవలసి యున్నది.

ఉపసంహారం

దివ్య ఖుర్ఆన్ సూరా నిసా 58వ ఆయతు అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశిస్తున్నది. ఆ ఆదేశానికి ఆచరణ రూపం సీరత్‌లో ఉన్నది. 622లో దైవప్రవక్త (స) వారు మక్కా విడిచి మదీనాకు వెళ్లునప్పుడు, తమవద్ద జనం ఉంచిన సొమ్ములను తిరిగి ఇచ్చి రావడానికి హజ్రత్ అలీ (ర) గారిని వెనుక నిలిపిరి. ఆ సొమ్ములు ఉంచినవారిలో ఎక్కువమంది ఇస్లాంను అంగీకరించనివారే. విరోధం ఉన్నా అమానత్ తిరిగి చేరినది. ఆనాడు దస్తావేజు లేదు, ట్రస్టు చట్టం లేదు. మనిషి మీద ఎతెమాద్, వస్తువు మీద అమానత్, ఫలితం మీద తవక్కుల్, ఈ మూడూ తమ తమ స్థానాలలో ఉన్నాయి.

ఇంగ్లీషు మాటను ద్వేషించవలసిన పని లేదు. ఏ భాష సౌకర్యం ఆ భాషది. చట్టాలు, కోర్టులు, బ్యాంకులు ఆ మాటతోనే నడుచుచున్నప్పుడు దానిని నేర్చుకొనక తప్పదు. నేర్చుకొనునప్పుడు ఫార్సీ విద్యార్థి వేసుకొనే ప్రశ్ననే ప్రతి ముతవల్లీ, ప్రతి కమిటీ సభ్యుడు వేసుకోవలెను: ఇక్కడి ‘ట్రస్ట్’ ఎతెమాదా, అమానతా, తౌలియతా, లేక వక్ఫా? దానికి సమాధానం తెలిసినవాడు దస్తావేజులో సరియైన మాట వ్రాయించగలడు. ఆ మాటకు తగినట్లు లెక్క చూపగలిగినవాడే అమీన్ అనే పేరుకు అర్హుడు.